గోడలో గోరింకలు

ఈ ఫాల్గుణంలో నా ఎడమ చెవిలోకి చిక్కుడు గింజంత మిషను ఒకటి వచ్చి చేరింది. బిడ్డ పట్టుబట్టి నల్లగొండకు తీసుకుపోయి, అద్దాల గదిలో కూర్చోబెట్టి, పరీక్ష చేయించి మరీ పెట్టించింది. అంతకు ముందు రెండేళ్లు నేను మొండికేశాను. ముప్పయ్యేళ్లకు పైగా బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి, వెనక సీట్లో ముసలమ్మ ఊరి పేరు గొణిగినా ముందు తలుపు దగ్గర నిలబడి టికెట్టు చింపినవాణ్ణి, నాకు చెవుడేమిటని నా పట్టుదల. ఇది చదివే నా ఈడు వాళ్లు నవ్వుకుంటారని తెలుసు. మనలో సగం మందికి చెవులు పోయాయి, తక్కిన సగం మంది పోలేదని వాదిస్తూ తిరుగుతున్నారు.

మిషను పెట్టుకుని వచ్చిన మర్నాడు పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. లోకం ఇంత సందడిగా ఉంటుందని మరిచిపోయాను కాబోలు, నా చెప్పుల చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. లోపల మా ఇంటామె గాజులు, వాకిట్లో చీపురు, నల్లా కింద బిందె నిండుతున్న శబ్దం, అన్నీ ఒక్కటొక్కటిగా తిరిగి వచ్చి పలకరిస్తున్నాయి. వాటి మధ్యన సన్నగా, ఆగి ఆగి, చిరచిరమని ఇంకో చప్పుడు వినబడింది. మిషనులో ఏదో లోపం ఉందనుకుని తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను. అయినా అదే చప్పుడు. ఇంటామెను పిలిచి అడిగితే నవ్వింది. ఎదురింటి స్లాబు గోడలో మేస్త్రీలు వదిలేసిన పైపులో గోరింక పిల్లలున్నాయని, తల్లి మేత తెచ్చినప్పుడల్లా అట్లా అరుస్తాయని, ఏటా వినేదే కదా అని చెప్పి లోపలికి పోయింది.

నేను వినడం అదే మొదటిసారి. కానీ ఆ చప్పుడు గురించి ఒకరు నాకు తొమ్మిదేళ్ల కిందట ఇదే అరుగు మీద మూడు రోజుల పాటు చెప్పారు, అట్లాంటి చప్పుడేదీ లేదని నేను మూడు రోజులూ వాదించాను. ఆ చెప్పింది మా అక్క. చేతిలో చాయ్ చల్లారిపోతున్నా తాగబుద్ధి కాలేదు. ఈ సంగతి మా ఇంటామెకు కూడా ఇంతవరకు చెప్పలేదు, ముందు మీకే చెబుతున్నాను.

అక్క నాకంటే అయిదేళ్లు పెద్ద. మాది మునుగోడు వైపు పల్లె. అక్కడి నీళ్ల సంగతి మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర లేదు, తక్కినవాళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. మా నేలలోని నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పట్టి, ఎముకలు బిగుసుకుని, మనిషి వంగిపోతాడు. నా చిన్నతనంలో ఊళ్లోకి బోరింగు వచ్చినప్పుడు అది మాకెవరికీ తెలియదు. బావిలో నీళ్లు చేదే బాధ తప్పిందని అమ్మ దాని పిడికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టింది, మేం పిల్లలం చుట్టూ తిరిగి ఎగిరాం. ఆ బోరింగు నీళ్లు ఇంటికి మోసింది అక్క, ఎండాకాలం మోసి మోసి అలసి అక్కడే దోసిలి పట్టి తాగిందీ అక్కే. నన్ను మాత్రం ఆరో తరగతిలో నల్లగొండ హాస్టల్లో వేశారు, అక్కడి నీళ్లు వేరు. తర్వాత బస్సు ఉద్యోగం, ఊరూరి నీళ్లు. ఒక్క కడుపున పుట్టిన ఇద్దరిలో నేను నిటారుగా మిగలడానికి ఇంతకు మించి కారణమేమీ లేదు.

పద్దెనిమిదేళ్లకు అక్కను పక్క ఊరికి ఇచ్చారు. ముప్పై దాటేసరికి మెడ తిరగడం మానేసింది, ఆ తర్వాత నడుము, ఆ తర్వాత మోకాళ్లు. పిల్లలు లేరు. ఒకనాడు అత్తగారింటి వాళ్లు ఎడ్లబండిలో తెచ్చి మా అరుగు మీద దింపి పోయారు, మళ్లీ ఆ బండి రాలేదు. అప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉన్నది. గడ్డం ఎదకు ఆని, చేతికర్ర మీద సగానికి వంగి నడిచేది, చేతులు భుజాల పైకి లేచేవి కావు. తల పైకెత్తడమనేది ఆమెకు ఇక లేదు. మనుషుల్ని కాళ్లను బట్టి గుర్తుపట్టేది. నేను డ్యూటీ నుంచి రాగానే నా చెప్పుల మీది దుమ్ము చూసి ఇవాళ హాలియా రూటా, యాదగిరిగుట్ట రూటా అనేది చెప్పేసేది. చాలాసార్లు తప్పు చెప్పేది, తప్పని చూపించినా ఒప్పుకునేది కాదు, నేనే రూటు మరిచిపోయానని దబాయించేది.

మాది పాత బెంగుళూరు పెంకుల ఇల్లు. ముందు గోడలో దూలాల కొసలు దిగిన చోట, చూరు కింద, పిడికిలి పట్టేంత బొక్కలు మూడు ఉండేవి. మాఘం వెళ్లి మోదుగులు పూసే రోజులకు గోరింకలు వాటిలోకి కాపురానికి వచ్చేవి. గోరింకలు కోయిలల్లాంటివి కావు, ఒక పాట అంటూ పట్టుకుని పాడవు. ఈల, గొణుగుడు, తిట్టు, తలుపు కిర్రుమన్నట్టు ఇంకొకటి, అన్నీ ఒకే గొంతులో కలిపి చీకటితోనే మొదలుపెడతాయి. అవి చూరులో ఉన్నంతసేపు అక్కకు కనిపించేవి కావు. ఆమె వాటిని గొంతుతోనే ఎరుగును. ఏది ముందు లేచింది, ఏది అలిగింది, పక్క వీధి పిల్లి ఎప్పుడు వచ్చింది, అంతా అరుగు మీద కూర్చుని నేల వైపు చూస్తూనే చెప్పేది.

అయితే గోరింకలో ఒక మంచి గుణం ఉన్నది. అది పిచ్చుకలా గెంతదు, నేల మీద నడుస్తుంది. అక్క అరుగు కింద నూకలు, జొన్నలు చల్లి కూర్చుంటే రెండూ దిగి పెద్దమనుషుల్లా నడుచుకుంటూ ఆమె చూపు ఆనే చోటికే వచ్చేవి. పేరంటానికి పసుపు రాసుకున్నట్టుండే ఆ కాళ్లను చూసుకుని మురిసిపోయేది. మగదానికి అల్లుడని పేరు పెట్టింది, వచ్చీ రాగానే గడప ముందు నిలబడి అరుస్తాడని. ఆడదాన్ని బిడ్డ అనేది. బిడ్డ గూడు కట్టుకునే రోజుల్లో తన పాత ఎర్రచీర అంచు దారాలు పీకి కాళ్ల దగ్గర పోగు పెట్టేది, అది ఒక్కొక్క దారమే ముక్కున కరుచుకుని పైకి ఎగిరిపోయేది. ఎక్కడికి ఎగిరిందో అక్క చూడలేకపోయేది, రెక్కల చప్పుడు మాత్రం చివరిదాకా వినేది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నేను రిటైరయ్యాను. ముప్పయ్యేళ్లు తెల్లవారుజామున లేచి మొదటి బస్సు తీసినవాడికి ఒకే ఒక్క ఆశ మిగిలి ఉంటుంది, పొద్దెక్కేదాకా ముసుగు తన్ని పడుకోవాలని. ఆ తర్వాతి వసంతంలో ఆ ఆశ మీద గోరింకలు నీళ్లు పోశాయి. నా మంచం ముందు గదిలో, వాటి సంసారం సరిగ్గా నా తలకు పైన. మీకు అనుమానం రావచ్చు, చెవి పోయినవాడికి పిట్టల గోలేమిటని. మొన్న పరీక్ష చేసిన అమ్మాయి కాగితం మీద గీత గీసి వివరంగా చెప్పింది. ఇంజను పక్కన బతికినవాళ్లకు ముందుగా పోయేవి సన్నటి చప్పుళ్లేనట, మోటు చప్పుళ్లు చాలా కాలం వినిపిస్తూనే ఉంటాయట, అందుకే పోయిన సంగతి మనిషికి తెలియదట. తల్లి గోరింక తిట్లు నాకు చక్కగా వినిపించేవి. నాకు వినిపించనివి వేరే ఉన్నాయి.

ఆ ఏడు ఉగాదికి వారం ముందు చూరులో నుంచి ఒక జెర్రిపోతు జారి అరుగు మీద పడింది. గుడ్ల కోసం ఎక్కి ఉంటుంది. అక్క కాళ్లకు జానెడు దూరంలో పడి వాకిట్లోకి పాకిపోయింది. పైన ఏముందో చూసుకోలేని మనిషి నెత్తిన పడితే ఏమయ్యేదని నాకు భయం వేసిన మాట నిజమే. కానీ ఇప్పుడు దాచి లాభమేమున్నది, ఆ పాముతో నాకు మంచి సాకు దొరికినట్టయింది. పాము కోసమని ఊరందరికీ చెప్పాను గానీ నేను ఆ బొక్కలు మూయించింది నా నిద్ర కోసం.

ఉగాదికి ముందు ఇల్లంతా దులిపి, ఎలుక బొక్కలు, పగుళ్లు పూడ్చి, సున్నం వేసి, అరుగు అంచుకు ఎర్రమట్టి జాజు దిద్దడం మా వైపు ఆనవాయితీ. కొత్త ఏడు వచ్చేసరికి గోడకు బొక్క కనిపించకూడదు. ఆ పనిలో పనిగా మేస్త్రీని పిలిచాను. మా ఇంటామె అప్పుడు ఊళ్లో లేదు, బిడ్డ రెండో కాన్పుకని హాలియా పోయి ఉంది. ఎదురింటివాళ్లు ఇటుక బట్టీ పనికి పోయి తాళం వేసి ఉన్నారు. ఇంట్లో ఉన్నది నేనూ అక్కా. అక్క వద్దని ఒక్కసారే అన్నది, పిట్టలు ఎగిరిపోయేదాకా నెల రోజులు ఆగమన్నది. పండుగ నెల రోజులు ఆగుతుందా అని నేను కొట్టిపారేశాను.

మేస్త్రీ నిచ్చెన ఎక్కి, మధ్య బొక్కలో గడ్డి ఉన్నది, చెయ్యి పెట్టి చూడమంటావా సారూ అని అడిగాడు. పాము ఉన్న బొక్కలో చెయ్యి ఎవరు పెడతారు, వద్దన్నాను. ఆఖరు స్టాపులో బస్సు ఖాళీ అయిందో లేదో చూడటానికి నాకొక పద్ధతి ఉండేది. రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, ఇంకెవరన్నా దిగేదున్నదా అని కేకేసి, జవాబు లేకపోతే రైట్ అనేవాణ్ణి. ఆనాడూ సరదాగా అదే చేశాను. గోడను చరిచాను, అల్లుడూ బిడ్డా ఎగిరిపోయి వైరు మీద వాలాయి. దిగేవాళ్లున్నారా అని బొక్క వైపు కేకేశాను, మేస్త్రీ నవ్వాడు. లోపలి నుంచి జవాబు రాలేదు. రైట్ రైట్ అన్నాను. అతను సిమెంటు కూరి, తాపీతో నున్నగా రుద్ది, దాని మీద సున్నం కొట్టాడు. చరిచిన చప్పుడుకు లోపలున్నవి బిక్కచచ్చిపోయి ఊరుకున్నాయని నాకు తోచలేదు.

ఆ సాయంత్రం అక్క నన్ను పిలిచింది.

“తమ్మీ, లోపల పిల్లలున్నయి. తల్లి బయట మొత్తుకుంటాంటే లోపలికెల్లి జవాబిస్తున్నయి. జర చెవి పెట్టి ఇను.”

స్టూలు ఎక్కి గోడకు చెవి ఆనించాను. చాలాసేపే ఆనించాను, ఆ మాత్రం నిజాయితీ నాకున్నది. ఏమీ వినపడలేదు.

“ఏం లేదక్కా. గోడ గోడలెక్కనే ఉన్నది.”

మర్నాడూ అదే మాట అన్నది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. నేను ఒకసారి స్టూలు ఎక్కాను, రెండోసారి ఎక్కలేదు. తల్లీ తండ్రీ ఆ రెండు రోజులూ చూరు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. వాటి ముక్కుల్లో పురుగులుండటం నేను కళ్లారా చూశాను. చెవులు పోతే పోయాయి, కళ్లు బాగానే ఉన్నాయి కదా, తినకుండా మేత పట్టుకుని తిరిగే పిట్ట ఎవరి కోసం తిరుగుతుందో పసిపిల్లకైనా తెలుస్తుంది. నాకు మాత్రం అవి ఇల్లు పోయిన కోపంతో నామీద అరుస్తున్నాయనే తోచింది. ఇంకో రెండు రోజులు అరిచి పోతాయిలే అనుకున్నాను. వీధి చివర ఎవరినైనా పిలిచి విని చెప్పమంటే తేలిపోయేది, కానీ నా చెవులకు ఇంకొకరి సాక్ష్యమా అని అహంకారం అడ్డు వచ్చింది.

మూడో రోజు ఉగాది. పంచాంగ శ్రవణానికి పోయి, మన రాశికి ఆదాయం ఎంత, అవమానం ఎంత అని విని ఇంటికి వచ్చేసరికి, అక్క గోడ పక్కన నిలబడి చేతికర్రతో సున్నాన్ని గీకుతున్నది. కర్ర లేకుండా నిలబడలేని మనిషి, ఒక భుజం గోడకు ఆనించి, చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తి గీకుతున్నది. ఆమె కర్ర కొస అందేది కిటికీ అంచు దాకానే. బొక్క ఇంకా నిలువెత్తు పైన ఉన్నది. ఎక్కడున్నదో ఆమెకు కనిపించదు, చప్పుడు వచ్చే వైపు గీకుతున్నది. కొత్త సున్నం మీద పొడుగాటి గీతలు పడ్డాయి. నాకు ఆ గీతలే కనిపించాయి.

“పండుగ పూట గోడంత ఖరాబు చేసినవు. నీ చెవుల్లనే ఏదో మోగుతాంది, రేపు దవాఖానకు తీస్కపోత.”

అక్క కర్ర కిందికి దింపి, గోడ పట్టుకుని మెల్లగా తిరిగి, అరుగు మీద కూర్చున్నది. భక్షాలు పెడితే ఒక తునక తుంచి పక్కన పెట్టింది. నేను గీతల మీద మళ్లీ సున్నం పూసుకున్నాను.

మర్నాడు పొద్దెక్కి లేచాను. నా జన్మలో అంత హాయిగా నిద్రపోయిన పొద్దులు కొన్నే ఉంటాయి, ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది. బయటికి వస్తే అక్క నేల వైపు చూస్తూ కూర్చుని ఉంది. నా కాళ్లు కనిపించగానే అన్నది.

“సప్పుడు బందైంది తమ్మీ. ఇగ నిమ్మలంగ పండుకో.”

అప్పుడు అర్థమైంది, పాము కోసమన్న నా మాట ఆమె ఒక్క క్షణం కూడా నమ్మలేదని. మిగతాది మాత్రం అప్పుడూ అర్థం కాలేదు. ముసలితనం, చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

గోరింకలు ఇంకో రెండు రోజులు వచ్చి, తర్వాత రాలేదు. అక్క నూకలు చల్లడం మానేసింది. కొన్నాళ్లకు తన మంచం ఇంటి వెనక వైపుకు మార్చమన్నది, ఎందుకని అడిగితే ముందు వైపు ఎండ అన్నది. నా చెప్పుల దుమ్ము చూసి రూటు చెప్పే ఆట కూడా మాయమైంది, రిటైరైనవాడికి రూటేమిటని నేనూ పట్టించుకోలేదు. మా ఇంటామె తిరిగి వచ్చి పిట్టలేవని అడిగితే పోయాయని చెప్పాను. అక్క పక్కనే ఉన్నది, నన్ను కాదనలేదు.

ఆ మరుసటేడే మా గడప ముందుకు నల్లా వచ్చింది. కృష్ణ నీళ్లు, మంచి నీళ్లు. ఊరంతా బిందెలు పట్టుకుని పండుగ చేసుకున్నది. నేను మొదటి గ్లాసు తీసుకుపోయి అక్కకు ఇచ్చాను. మెల్లగా తాగి, తియ్యగున్నయని, పిల్లలకు మంచిగైతదని మాత్రం చెప్పింది. ఆమె ఎముకలకు ఆ నీళ్లతో ఇక పని లేదు. ఇంకో రెండు వానాకాలాలు బతికింది. పోయిన రోజు పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టడానికి వీలు కాలేదు, పక్కకు ఒరిగించే తీసుకుపోయాం. నా మీద అక్కకు కోపం ఉండిందా అని ఆ దారంతా ఆలోచించాను. ఉన్నా చెప్పే మనిషి కాదు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మిషను వచ్చిన వారానికి నిచ్చెన వేయించి ఆ మధ్య బొక్క పగలగొట్టించాను. సిమెంటు గట్టిగానే ఉన్నది, మేస్త్రీ పనివాడే. లోపల ఎండు గడ్డి, ఒక పాము కుబుసం ముక్క, మాసిన ఎర్రదారాలు బయటికి వచ్చాయి. దారాల అడుగున ఉండవలసినవి ఉన్నాయి, నాలుగు. అరచేతిలో పోసుకుంటే బరువే తెలియలేదు. ఏమిటవి అని ఇంటామె లోపలి నుంచి అడిగితే చెత్త అన్నాను. పెరట్లో, అక్క మంచం ఉండిన చోట, మట్టి తీసి పెట్టి కప్పాను. బొక్కను తెరిచే ఉంచాను, అరుగు కింద నూకలు కూడా చల్లుతున్నాను. పది రోజులు దాటింది, ఒక్క గోరింక వచ్చి తొంగి చూడలేదు. వాటికి ఎదురింటి పైపు నచ్చింది. అక్కకు తెలిసిన అల్లుడూ బిడ్డా ఎప్పుడో పోయి ఉంటాయి, ఈ కొత్తవాటికి మా గడపతో పరిచయం లేదు.

ఊరు మంచిగానే మారింది, కాదనను. నల్లా ఉన్నది, బడికి పోయే పిల్లలంతా నిటారుగా నడుస్తున్నారు, పళ్లు తెల్లగా ఉన్నాయి. మా వీధిలో పెంకుల ఇల్లు నాదొక్కటే మిగిలింది. అన్నీ వచ్చాయి, నీళ్లూ వచ్చాయి, చెవీ వచ్చింది, ఆమెకు కావలసినప్పుడు మాత్రం ఒక్కటీ రాలేదు. వినపడుతుంది అక్కా, నువ్వు చెప్పింది నిజమే అని అనడానికి ఈ ఊళ్లో నాకు మనిషి లేదు. పొద్దంతా అరుగు మీద కూర్చుని ఆ పిల్లల చప్పుడు వింటాను. పొద్దుగూకే వేళకు మిషను తీసి డబ్బాలో పెట్టాలి, అట్లా పెట్టమని నల్లగొండలో చెప్పి పంపారు. తీయగానే చప్పుడు ఆగిపోతుంది. తల్లి గోరింక ముక్కున పురుగుతో పైపు అంచున వాలడం, లోపలికి తల దూర్చడం కనిపిస్తూనే ఉంటుంది. నాకు మాత్రం గోడ గోడలాగే ఉంటుంది.